ఒప్పుకునే ముందు నాకు ఫోన్ చెయ్యి

నాన్నా,

థీసిస్ ఇచ్చేశావనీ, పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధన ఉద్యోగం, పోస్ట్‌డాక్‌కి అప్లై చేస్తున్నావనీ అమ్మ చెప్పింది. సంతోషంతో కాలు నిలవలేదు. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

సీవీ, రిఫరెన్స్ లెటర్ల సంగతి నీకు తెలిసిందే. అందరికీ ఒకే మెయిల్ పంపకు.

ఫెలోషిప్‌లకు గడువు లెక్క ఇప్పుడే వేసుకో. జర్మనీవాళ్లిచ్చే హంబోల్ట్ పోస్ట్‌డాక్ ఫెలోషిప్ పీహెచ్‌డీ పూర్తయి 4 ఏళ్లు దాటనివాళ్లకే. యూరోపియన్ యూనియన్ ఇచ్చే మేరీ క్యూరీ ఫెలోషిప్‌కైతే, చివరి తేదీకి ముందు 36 నెలల్లో నువ్వు వెళ్లే దేశంలో 12 నెలలకు మించి ఉండి ఉండకూడదు. ముందు అక్కడ ఏదో ఒక ల్యాబ్‌లో చేరి నిదానంగా అప్లై చేద్దామనుకుంటే ఆ దారి మూసుకుపోతుంది. ఏ ఏడాది నిబంధనలు ఆ ఏడాదే చదువు.

ఇక నన్ను నిద్రపోనివ్వని సంగతి. నాకు ఆఫర్ వచ్చింది పేరున్న పెద్ద ల్యాబ్ నుంచి. ఆ రాత్రే ఒప్పుకున్నాను. అక్కడ పనిచేసేవాళ్లలో ఒక్కరితోనూ మాట్లాడలేదు. ఏ ప్రశ్న మీద పనో అడిగాను గానీ, వెళ్లిపోయేటప్పుడు అందులో నాతో ఏం తీసుకెళ్లొచ్చో అడగలేదు. మొదటి ఏడాదంతా లేజర్ సెటప్ కట్టడానికే సరిపోయింది. పొద్దున అద్దాలు అలైన్ చేస్తే సాయంత్రానికి కదిలిపోయేవి. వాక్యూమ్ లీక్ ఒకటి దొరకడానికే ఆరు వారాలు పట్టింది. రెండో ఏడాది చివర, తెల్లవారుజామున మూడింటికి, స్క్రీన్ మీద సిగ్నల్ చిన్న గుట్టలా లేచింది. ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చాను.

ఆ వారమే గ్రూప్ మీటింగ్‌లో తెలిసింది, అదే ప్రశ్నను ఇంకో పోస్ట్‌డాక్‌కి కూడా ఇచ్చారని. అతను వేరే పద్ధతిలో చేసి అప్పటికే పేపర్ రాసేశాడు. అందులో నా పేరు మూడోది. ఉద్యోగం ఇంటర్వ్యూల్లో నీ సొంత పరిశోధన ప్రణాళిక ఏమిటని అడిగితే ఆ సెటప్ గురించే చెప్పాను. తర్వాత ప్రొఫెసర్ మెల్లగా, ఆ పని మా ల్యాబ్‌లోనే సాగుతుందమ్మా అన్నారు. ఆయన చెడ్డవారు కాదు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. నాదంటూ ఇంకో ప్రశ్న దొరకడానికి మూడేళ్లు పట్టింది.

అందుకని అడుగు. ఈ పని మీద ఇంకెవరున్నారు? పేపర్‌లో మొదటి పేరు ఎవరిదో ఎప్పుడు తేలుస్తారు? వెళ్లేటప్పుడు ఏ భాగం నాది? మాట్లాడిన రోజే, మనం అనుకున్నది ఇదీ అని మెయిల్ పెట్టు. జీతం ఏ గ్రాంట్ నుంచో, అది ఎప్పటిదాకా ఉందో కనుక్కో. కాంట్రాక్ట్ ఏడాదికోసారి రెన్యూవల్ అయితే వీసా టెన్షన్ కూడా ఏడాదికోసారి వస్తుంది. ఇప్పుడున్నవాళ్ల కన్నా ఆ ల్యాబ్ వదిలి వెళ్లినవాళ్లతో మాట్లాడు. ఉన్నవాళ్లకు ఇంకా రిఫరెన్స్ లెటర్ కావాలి, అన్నీ చెప్పలేరు.

నీకు మొహమాటం ఎక్కువ. ఎనిమిదో తరగతి పరీక్షలో అడిషనల్ షీట్ అడగలేక, ఆఖరి జవాబంతా మార్జిన్‌లో ఇరికించి వచ్చావు. ఆ రోజు తిట్టాను. తర్వాత నీ పేపర్ చూస్తే, అంత సన్న అక్షరాల్లో ఒక్క మెట్టూ వదలకుండా లెక్క మొత్తం చేసి ఉంది. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

ఆఫర్ రాగానే బదులివ్వకు. వారం గడువు అడిగితే ఎవరూ కోప్పడరు. ముందు నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా సరే.

మీ పిన్ని