డాలస్‌లో మామిడిని నేలలో నాటొద్దు, కుండీలో కాస్తుంది

డాలస్ శివారు ఫ్రిస్కోలో ఇల్లు కొన్నాం, దక్షిణం గోడ పక్కన రోజంతా ఎండ పడుతుంది, బంగినపల్లి, సపోటా, జామ, కరివేపాకు అక్కడే నేలలో నాటొచ్చా, ఇంటి దగ్గర మామిడి కాపు చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని మీరు అడిగారు. మేముండేది మీ పక్క ఊరు ప్లేనోలో. మూడు వేసవులుగా మా పిల్లలు మా చెట్టు పండే తింటున్నారు. కానీ ఆ చెట్టు కుండీలో ఉంది. అంతకు ముందు నేలలో పెట్టిన చెట్టు 2021 ఫిబ్రవరిలో చచ్చిపోయింది. ఈ రెండు చెట్ల సంగతీ చెబుతాను, మీకు పనికొస్తుంది.

2018లో హ్యూస్టన్ వెళ్ళినప్పుడు అక్కడి నర్సరీలో మల్లిక అంటు మొక్క కొన్నాను. నీలం, దశేరి కలిపి ఢిల్లీలో తీసిన రకం అది. మీరు అనుకున్నట్టే నేనూ అనుకున్నాను: దక్షిణం వైపు ఇటుక గోడ, పగలు ఎండకి వేడెక్కుతుంది, రాత్రి ఆ వేడి చెట్టుకి అందుతుంది అని. ఆ మాట నిజమే. గోడ పక్కన మూడు నాలుగు డిగ్రీలు తేడా ఉంటుంది. రెండు చలికాలాలు చలి గుడ్డ కప్పి, లోపల వేడెక్కే పాతరకం క్రిస్మస్ బల్బుల దండ చుట్టి చెట్టుని కాపాడుకున్నాను. నా ఎత్తు పెరిగింది. 2021లో పూత వస్తుందని ఎంత ఎదురుచూశానో.

ఆ ఫిబ్రవరి 16న డాలస్ ఎయిర్‌పోర్టులో మైనస్ 2 ఫారెన్‌హీట్ నమోదైంది, అంటే మైనస్ 19 సెల్సియస్. కరెంటు పోయింది. బల్బులు ఆరిపోయాయి. మేమే నలుగురం ఒకే గదిలో దుప్పట్లు కప్పుకుని కూర్చున్నాం, ఇక చెట్టుకి ఏం చేస్తాం? మంచు కరిగాక ఆకులు ఉడకబెట్టినట్టు నల్లగా వేలాడాయి. కొమ్మ గోటితో గీరితే లోపల పచ్చదనం కనిపిస్తే ప్రాణం ఉన్నట్టు. వారం వారం గీరుతూ కిందికి వచ్చాను. మే నెలకి మొదలు దాకా గోధుమ రంగే. తవ్వితే వేరు కూడా కుళ్ళింది.

అది వందేళ్ళకోసారి వచ్చే చలి, మళ్ళీ రాదులే అని కొందరు అన్నారు. వాళ్ళ మాట పక్కన పెట్టి మామూలు ఏడాది లెక్కే చూడండి. మన చుట్టుపక్కల ఊళ్ళు అమెరికా వ్యవసాయ శాఖ పటంలో 8ఎ, 8బి కింద ఉంటాయి. అంటే ఏడాదిలో అన్నిటికంటే చల్లని రాత్రి సగటున 10కీ 20కీ మధ్య ఉంటుందని (నేను చెప్పే డిగ్రీలన్నీ ఫారెన్‌హీటే). లేత మామిడి 30 దగ్గరే దెబ్బతింటుంది. ముదిరిన చెట్టయినా 25 దగ్గర కొన్ని గంటలే ఓర్చుకుంటుంది. గోడ ఇచ్చే నాలుగు డిగ్రీలు, బల్బులిచ్చే ఇంకో అయిదు కలుపుకున్నా మామూలు ఏడాదే అంచున నిలబడినట్టు. పైగా ఆ భారమంతా కరెంటు మీద పెట్టాం. అందుకే నేలలో వద్దంటున్నాను.

2021 జూన్‌లో పికరింగ్ అనే ఫ్లోరిడా రకం అంటు తెచ్చి 15 గ్యాలన్ల కుండీలో పెట్టాను. గుబురుగా, పొట్టిగా పెరుగుతుంది, చిన్న వయసులోనే కాస్తుంది. క్యారీ, కాగ్‌షాల్ కూడా పొట్టి రకాలే. బంగినపల్లి మీద మనసు ఉందని తెలుసు, నాకూ ఉంది. కానీ అది ఒళ్ళు చేసే చెట్టు, గ్యారేజీ తలుపులో పట్టదు. ఇండియన్ స్టోర్‌లో పెట్టె కొని టెంక నాటుదామనీ అనుకోకండి. 2007 నుంచి మన పళ్ళని రేడియేషన్ ఇచ్చాకే ఇక్కడికి రానిస్తున్నారు. నేను మూడు టెంకలు పెట్టాను, ఒకటి మొలిచి రెండాకుల దగ్గర ఆగిపోయింది. మొలిచినా మన రకాలు టెంక నుంచి తల్లి గుణంతో రావు. ఊరి నుంచి టెంకలూ మొక్కలూ సూట్‌కేసులో తేవడం మాత్రం అస్సలు వద్దు. పట్టుకుంటే పారేస్తారు, జరిమానా వేస్తారు. అంతకంటే ముఖ్యం, ఇక్కడ లేని పురుగు మన చేతుల మీదుగా రాకూడదు.

ఇప్పుడు అసలు విషయం. కుండీలో మామిడిని చంపేది చలి కంటే ఎక్కువగా చలికాలపు తడి. మొదటి ఏడాది నాకు ఇది తెలియలేదు. డిసెంబరులో గ్యారేజీలోకి తెచ్చి, పాపం ఎండిపోతుందేమోనని వారానికోసారి నీళ్ళు పోశాను. జనవరికి ఆకులు రాలడం మొదలైంది. ఇంకా దాహంగా ఉందేమో అని ఇంకా పోశాను. నాన్నకి ఫోన్లో చూపించాను. మాది నూజివీడు వైపు, ఆయన జీవితమంతా తోటలోనే గడిచింది. వీడియోలో కుండీ చూసి ఒకటే అడిగారు: "బెట్టకి వదల్లేదేంటమ్మా?"

మీరూ తోటలున్న ఊరి నుంచి వచ్చుంటే ఈ మాట వినే ఉంటారు. వానలు వెనకబట్టాక తోటకి తడి ఆపేస్తారు. నేల ఎండి, రాత్రి చలి తగిలి, చెట్టు కొత్త ఇగురు వేయడం మాని పూత మొగ్గ కడుతుంది. పిందె బఠాణీ గింజంత అయ్యాకే మళ్ళీ తడి. ఆ పద్ధతి ఇక్కడ కుండీకి అచ్చంగా సరిపోయింది. ఆ రోజే కుండీని పక్కకి వాల్చి నీళ్ళు కారనిచ్చాను. వేరు పూర్తిగా చెడలేదు కాబట్టి చెట్టు బతికింది, కోలుకోవడానికి మాత్రం ఒక వేసవి మొత్తం పట్టింది.

అప్పటి నుంచి నేను చేసేది ఇదీ. అక్టోబరులో చలి మొదలవగానే కంగారుపడి లోపలికి తేను. రాత్రి 50కీ 60కీ మధ్య కొన్ని వారాలు తగలాలి, పూతకి అదే పిలుపు. వెచ్చటి హాల్లో పెట్టుకుంటే చెట్టు చక్కగా ఆకులేస్తుంది, పూయదు. 40 లోపలికి దిగే రాత్రి ఉందంటేనే గ్యారేజీలోకి తోస్తాను, పగలు 50 దాటితే మళ్ళీ బయటికి. కుండీ కింద చక్రాల పలక ఉంది కాబట్టి ఇది రెండు నిమిషాల పని. 25 గ్యాలన్ల కుండీకి వెళ్ళకపోవడానికి కారణం కూడా ఇదే, తడిసిందంటే ఇద్దరు మనుషులు కావాలి. గ్యారేజీలో ఉన్నన్నాళ్ళూ మూడు వారాలకోసారి రెండు చెంబులు, అదీ వేలు మూడంగుళాలు గుచ్చి పొడిగా ఉంటేనే.

మట్టి గురించి కూడా చెప్పాలి. మన పెరటి నేల చూశారుగా, గుంటూరు నల్లరేగడికి తోబుట్టువు. వేసవిలో చెయ్యి పట్టేంత పగుళ్ళు, వానకి బంక. పైగా సున్నం ఎక్కువ. అది కుండీలో వేయకండి. దుకాణంలో దొరికే పీట్ మట్టి కూడా ఒక్కటే వేస్తే చలికాలంలో నీళ్ళు పట్టేసుకుంటుంది. నేను పైన్ బెరడు ముక్కలు అయిదు వంతులు, పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతి గుళికలు) ఒక వంతు, చివికిన ఎరువు ఒక వంతు కలుపుతాను. పోసిన నీళ్ళు అర నిమిషంలో అడుగున కారాలి. కొళాయి నీళ్ళలోనూ క్షారం ఎక్కువే కాబట్టి ఏడాది తిరిగేసరికి కొత్తాకుల ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపెక్కుతుంది. అది ఇనుము అందకపోవడం. ఇ.డి.డి.హెచ్.ఎ. (EDDHA) అని రాసి ఉన్న ఐరన్ కిలేటే, అంటే ఇనుము అందించే మందే, తీసుకోండి, మామూలు రకాలు ఈ క్షారంలో పనిచేయవు. వాన నీళ్ళు డ్రమ్ములో పట్టుకుంటే ఇంకా మంచిది.

ఫిబ్రవరిలో పూత గ్యారేజీలోనే మొదలవుతుంది. అక్కడ ఈగలు, తేనెటీగలు ఉండవు కాబట్టి మెత్తటి పెయింట్ బ్రష్‌తో పూలన్నీ తడుముతాను, ఎండ రోజుల్లో బయట పెడతాను. పూత మీద తెల్లటి పొడి కనిపిస్తే బూడిద తెగులు, ఒకసారి గంధకం పిచికారీ చేస్తే ఆగింది. మొదట్లో వచ్చిన పూత తుంచేశాను, చెట్టు ఒళ్ళు పట్టాలని. చేతులు రాలేదు, అయినా తుంచాలి. 2023లో నాలుగు కాయలు నిలిచాయి, తర్వాతి ఏడాది పదకొండు. మొదటి కాయ కోసిన రోజు ముచ్చికకి జీడి కారితే ఆ వాసనకే నాకు కళ్ళు చెమ్మగిల్లాయి.

గ్యారేజీ నుంచి వచ్చిన చెట్టుని ఏప్రిల్ ఎండలో నేరుగా నిలబెట్టకండి, ఆకులు ఒక్క రోజులో తెల్లగా మాడతాయి. పది రోజులు నీడలో, తర్వాత పొద్దుటి ఎండలో, ఆ తర్వాతే పూర్తి ఎండలో.

మిగతావి త్వరగా చెబుతాను. జామ కుండీకి బంగారం లాంటిది. కొత్త కొమ్మకే కాస్తుంది కాబట్టి ఎంత కత్తిరించినా ఫరవాలేదు, చలికి పైన మాడినా మొదలు బతికుంటే మళ్ళీ చిగురిస్తుంది. సపోటా బతుకుతుంది గానీ చాలా నెమ్మది. చోటు ఒక్క కుండీకే ఉంటే దాన్ని మామిడికి ఇవ్వండి. కరివేపాకు కుండీలోనే, చలికాలం గ్యారేజీలో. ఆకులన్నీ రాలుస్తుంది, భయపడకండి, నీళ్ళు తగ్గించండి. అది నిమ్మ కుటుంబపు మొక్క, నిమ్మజాతిని పాడుచేసే గ్రీనింగ్ తెగులు మోసే పురుగుకి ఇష్టమైన ఇల్లు. ఆ తెగులు 2012లో దక్షిణ టెక్సస్‌లో బయటపడింది. కాబట్టి ఫ్లోరిడా నుంచి ఆన్‌లైన్లో తెప్పించకుండా టెక్సస్‌లోనే లైసెన్స్ ఉన్న నర్సరీలో కొనండి. నిమ్మ, నారింజ మొక్కలకీ ఇదే మాట.

మరి ఆ దక్షిణం గోడ పక్కన నేలలో ఏం వేయాలి? అంజూర, దానిమ్మ, చైనా రేగు. అంజూరలో సెలెస్ట్, దానిమ్మలో సలావట్‌స్కీ చలికి గట్టివి. రేగులో లీ, లాంగ్ రకాలకి ఆ మైనస్ 2 లెక్కలోకే రాలేదు, మా పక్క వీధిలో చెట్టు ఏప్రిల్‌లో మామూలుగా చిగురించింది. కాయ మన గంగిరేగు కాదు, ఆపిల్‌లా కరకరలాడుతుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో కాస్తుంది కాబట్టి మేము కొన్ని ఎండబెట్టి జనవరిలో పాప భోగిపళ్ళకి దాచుకున్నాం.

మొక్కలు కొనడం మాత్రం చలికాలంలో కాదు. మన దగ్గర మార్చి మధ్య దాకా నీళ్ళు గడ్డకట్టే చలి రాత్రులు ఉంటాయి. ఏప్రిల్‌లో కొంటే వేరు పాకడానికి ఏడు నెలలు దొరుకుతుంది. అంటు కట్టిన చోటు మట్టికి పైన కనిపించే మొక్కనే ఎంచుకోండి, కుండీ మార్చేటప్పుడు కూడా ఆ చోటు పూడిపోకుండా చూసుకోండి.