మోటార్ యాక్టివిటీ లాగ్‌ను తెలుగు చేస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

పక్షవాతం వచ్చినవారు బలహీనపడ్డ చేతిని ఇంట్లో ఎంత, ఎంత బాగా వాడుతున్నారో 0 నుంచి 5 మార్కులతో అడిగే 30 పనుల ప్రశ్నావళే కదా అని తేలిగ్గా తీసుకోకు. ముందు మూలకర్తల అనుమతి తెచ్చుకో. ఇద్దరు విడివిడిగా తెలుగు చేయాలి, అందులో ఒకరికి ఫిజియోథెరపీ వాసన ఉండకూడదు. రెంటినీ కలిపాక, మూలం చూడని మరో ఇద్దరిచేత మళ్లీ ఇంగ్లీషు చేయించు.

అది మూలంతో సరిపోయిందని మురిసిపోవద్దు. కదలిక నాణ్యతలో 3కి ‘పర్వాలేదు’ అని రాస్తే తిరుగు అనువాదంలో చక్కగా కుదురుతుంది. కానీ ఎవరు పలకరించినా మనవాళ్లు చెప్పే మాట అదే. చెయ్యి లేవనివాళ్లు కూడా ‘పర్వాలేదండీ’ అని 3 వేయించుకుంటారు. ‘పని అయింది గానీ నెమ్మదిగా, ప్రయాసగా’ అని రాయి. ‘ఎంత వాడుతున్నారు’ అన్నదానికి, జబ్బుకు ముందు వాడకం రూపాయి అనుకుంటే ఇప్పుడెంత అని అడిగితే ‘అర్ధ రూపాయి’ అని ఠక్కున వస్తుంది. చెయ్యంటే భుజం నుంచి వేళ్లదాకా అని మొదటే చెప్పు.

తినే అంశంలో శాండ్‌విచ్ బదులు గారె పెట్టుకో. అన్నం కలపడం వద్దు, దానికి వేళ్ల పని ఎక్కువ, అంశం కష్టం మారిపోతుంది. ఎడమ చెయ్యి పడిపోయినవారు దాంతో ఎటూ తినరు. అక్కడ సున్నా వేస్తే అది ఆచారానికి వేసిన మార్కు. రాసే చెయ్యి కాకపోతే రాత అంశం ‘వర్తించదు’ అని మూలంలోనే ఉంది. తినేదానికీ అలాంటి నియమం నిపుణుల సంఘంలో ముందే తేల్చుకో. సగటు, వర్తించిన అంశాలకే. కొళాయి–నల్లా, బొత్తాం–గుండీ రెండూ రాయి. 30–40 మంది మీద పరీక్షించేటప్పుడు కోస్తా, సీమ, తెలంగాణ మూడు ప్రాంతాలవారూ ఉండాలి.

అసలు అధ్యయనానికి 100 మందిని చూసుకో. అదే జవాబు వస్తుందా అని చూడటానికి మళ్లీ అడిగేది జబ్బు వచ్చి ఆరు నెలలు దాటి నిలకడగా ఉన్నవారిని, 7–14 రోజుల్లో. పాత మార్కుల కాగితం ఎదురుగా వద్దు, పక్కనున్న కోడలి జవాబూ వద్దు. ఫుగల్–మేయర్ అనే కదలిక పరీక్షలోని చేతి భాగంతో (66 మార్కులు) సంబంధం ఎంత ఉండొచ్చో లెక్కకు ముందే రాసిపెట్టు. 0.95 (1 అంటే పూర్తి సంబంధం) వస్తే సంతోషించకు, అనుమానించు: చేయగలగడం వేరు, ఇంట్లో చేయడం వేరు.

ఐసీసీ, అంటే రెండుసార్ల జవాబులు ఎంత కలిశాయో చెప్పే అంకె, ఒక్కటే ఇచ్చి ఆగకు. మార్కుల ప్రామాణిక విచలనం (మనిషికీ మనిషికీ ఉన్న తేడా) 1.2, ఐసీసీ 0.91 అనుకో. కొలత దోషం 1.2 × √(1 − 0.91) = 0.36. దాన్ని 2.77తో (1.96 × √2) గుణిస్తే దాదాపు 1; అంతకు తక్కువ మార్పు కొలత దోషమే కావచ్చు. అంటే సగటు అరమార్కు పెరిగిన మనిషికి బాగైందని ఆ ఫారం చూసి చెప్పలేం.