దగ్గరి మెనూతో కళ్లు లాగుతున్నాయంటే లెన్సు కాదు, దూరం చూడండి

కళ్లకి పెట్టుకునే మీ హెడ్‌సెట్‌లో గాల్లో తేలినట్టు కనిపించే మెనూని 40 సెంటీమీటర్ల దూరంలో పెడితే కాసేపటికే కళ్లు లాగుతున్నాయని, లెన్సులు మార్చినా తగ్గలేదని రాశారు కదండీ. లెన్సుల తప్పు కాదనిపిస్తోంది. మెనూ దగ్గరికొచ్చేకొద్దీ రెండు కళ్లూ ముక్కువైపు తిరుగుతాయి. హెడ్‌సెట్ లెన్సుల ఫోకస్ మాత్రం ఒకేచోట స్థిరంగా ఉంటుంది. మైక్రోసాఫ్ట్ వాళ్ల హోలోలెన్స్ హెడ్‌సెట్‌లో అది సుమారు 2 మీటర్లు. కళ్లు తిరిగేది ఒక దూరానికి, ఫోకస్ చేయాల్సింది ఇంకో దూరానికి. నొప్పంతా అక్కడే.

ముందు మెనూని కళ్ల నుంచి 1.25 మీటర్ల అవతలికి జరపండి. అక్షరాల సైజు అదే నిష్పత్తిలో పెంచితే చదవడానికి తేడా తెలియదు. చేత్తో తాకే బటన్లు దగ్గరే ఉండక తప్పదు, అవి పని అవగానే మాయమయ్యేలా చూడండి.

అన్నట్టు, లెన్సుల మధ్య దూరాన్ని 63 మిల్లీమీటర్లకే బిగించేశారా? అది పెద్దవాళ్ల రెండు కంటిపాపల మధ్య ఉండే సగటు దూరం మాత్రమే, ఆడవాళ్లకి ఇంకాస్త తక్కువ. దాన్ని జరుపుకునే ఏర్పాటు తప్పకుండా పెట్టండి.