మందు ఆపగానే మళ్లీ తెల్లపారుడు ఎందుకు?

ప్రశ్న: ఇంటి వెనుక అరవై నాటు పెట్టలను పెంచుతూ, వాటి గుడ్లనే చిన్న ఇంక్యుబేటర్‌లో పొదిగిస్తున్నాను. ప్రతి విడతలోనూ పిల్లలు రెండో వారం లోపే తెల్లగా పారుతూ, వెనుక భాగం అంటుకుపోయి చనిపోతున్నాయి. నీళ్లలో యాంటీబయాటిక్ కలిపితే చావులు తగ్గుతున్నాయి గానీ తరువాతి విడతలో మళ్లీ అదే పరిస్థితి. ఇంక్యుబేటర్‌కు ఫార్మలిన్ పొగ పెట్టినా ప్రయోజనం లేదు. లోపం ఎక్కడుంది?
– ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: ఇవి సాల్మొనెల్లా పుల్లోరం అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే తెల్లపారుడు లక్షణాల్లా ఉన్నాయి. అయితే చలి తగిలిన పిల్లలకూ వెనుక భాగం ఇలాగే అంటుకుపోతుంది కనుక, అప్పుడే చనిపోయిన రెండు మూడు పిల్లలను ఐసులో ఉంచి పశువ్యాధి నిర్ధారణ ప్రయోగశాలకు పంపించండి. రోగం ఇదేనని తేలితే మూలం మీ పెట్టల్లో ఉన్నట్టే. చూడడానికి ఆరోగ్యంగా ఉండి గుడ్లు పెడుతున్న పెట్ట అండాశయంలో ఈ క్రిమి దాగి ఉండి, గుడ్డు లోపలికే చేరుతుంది. పొగ పెంకు పైనున్న క్రిములను చంపగలదే తప్ప లోపలున్న వాటిని తాకలేదు. అలాంటి గుడ్డు నుంచి ఒక్క పిల్ల బయటపడినా, దాని నూగు ధూళితో పక్క పిల్లలన్నిటికీ అంటుకుంటుంది.

మందుతో బతికిన పిల్లల్లో చాలావాటి శరీరంలో క్రిమి మిగిలే ఉంటుంది. వాటినే రేపు తల్లులుగా ఉంచుకుంటే రోగాన్ని మీరే పెంచి పోషించినట్టవుతుంది. అందుచేత పశువైద్యుని సాయంతో నాలుగు నెలలు దాటిన ప్రతి పెట్టకూ, పుంజుకూ రక్తపరీక్ష చేయించండి. తెల్లని పలకపై ఒక చుక్క రంగు యాంటిజెన్‌లో (చంపి రంగు పట్టించిన పుల్లోరం క్రిములున్న ద్రవం) రెక్క నరం నుంచి తీసిన రక్తపు చుక్క కలిపి తిప్పితే, రెండు నిమిషాల్లోపు ఏ కోడి రక్తంతో ఆ మిశ్రమం గడ్డలుగా విడిపోతుందో ఆ కోడిని మంద నుంచి తీసేయాలి. ఒక్కసారి పరీక్షతో అన్నీ దొరకవు; మూడు నాలుగు వారాల ఎడంతో, వరుసగా రెండుసార్లు ఒక్కటి కూడా పట్టుబడనంత వరకు కొనసాగించాలి. పట్టుబడిన కోళ్లను సంతలో అమ్మడం మామూలైపోయింది గానీ, అది రోగాన్ని మరొకరి పెరటికి చేర్చడమే. పరీక్షలు పూర్తయ్యేంత వరకు మీ మంద గుడ్లను పొదగవేయకండి.

ఎలుకల బెడద, తడిసిన ఊక, రెట్ట పడిన నీటి తొట్టి కూడా సాల్మొనెల్లాను నిలబెడతాయి కాబట్టి వాటిని ఉపేక్షించవద్దు. పుల్లోరం మనుషులకు సోకడం అరుదు. మనకు విరేచనాలు, జ్వరం తెచ్చే ఎంటరైటిడిస్, టైఫిమ్యూరియం అనే సాల్మొనెల్లా రకాలు మాత్రం ఏ లక్షణమూ చూపని కోళ్లలోనూ ఉండవచ్చు. ఇంట్లో గుడ్లను పచ్చసొన గట్టిపడే దాకా ఉడికించే తినండి.