ధ్రువ ప్రాంతాల చెత్తను మంచులో పాతేస్తే సరిపోదా? అక్కడ ఒక చలికాలం గడిపిన మెకానిక్ జవాబు

మీరు అడిగింది ఇది: అంటార్కిటికాలో పరిశోధన స్థావరాలు, ఆర్కిటిక్‌లో గనులు, చమురు బావులు ఉన్నాయి కదా, అక్కడి డీజిల్ డ్రమ్ములు, పాత బ్యాటరీలు, తుక్కు ఇనుము, రసాయనాలు చివరికి ఎక్కడికి పోతాయి? మనుషులే లేని చోట, అంత మందాన మంచు ఉన్నప్పుడు, లోతుగా గొయ్యి తీసి పాతేస్తే ఓడ ఖర్చు మిగులుతుంది కదా?

సరిపోదు. నేను డీజిల్ ఇంజిన్ల మెకానిక్‌ని, విశాఖపట్నం ఆటోనగర్‌లో పని నేర్చుకున్నాను. కొన్నేళ్ల క్రితం మన దేశపు అంటార్కిటికా యాత్రకు ఎంపికై, శీతాకాల బృందంతో మైత్రి స్థావరంలో ఏడాదికి పైగా ఉన్నాను. జనరేటర్లు, మంచు మీద నడిచే వాహనాలు చూసుకోవడం నా పని. వ్యర్థాల లెక్క కూడా నా మీదే పడింది. అక్కడ ప్రమాదకరమైన చెత్తలో ఎక్కువ భాగం పుట్టేది ఇంజిన్ గదిలోనే మరి.

ఆటోనగర్‌లో మేము వాడిన ఇంజిన్ ఆయిల్‌ను డబ్బాల్లో పోసి షెడ్డు వెనక పెట్టేవాళ్లం. కొనేవాడు వస్తే అమ్మేవాళ్లం. నేల మీద ఒలికితే నాలుగు గుప్పిళ్ల రంపపు పొట్టు చల్లి ఊడ్చేసేవాళ్లం. ఆ తర్వాత దాని సంగతి ఎవరికీ గుర్తుండేది కాదు. నేల తాగేసింది అనుకునేవాళ్లం. అంటార్కిటికాలో నాకు ఆ అలవాటు ఒక్క రాత్రిలో వదిలింది.

అది జూన్ నెల. అప్పుడు అక్కడ దాదాపు రెండు నెలలు సూర్యుడు కనిపించడు. ఎత్తున పెట్టిన డ్రమ్ములోంచి చేతి పంపుతో ఒక వాహనంలోకి డీజిల్ ఎక్కిస్తున్నాను. ఇంతలో మంచు తుపాను వస్తోందని లోపలినుంచి కబురు వచ్చింది. తొందరలో పంపు ఆపి వెళ్లిపోయాను. గొట్టం కొసను పైకెత్తి కట్టాలి, కట్టలేదు. తప్పు పూర్తిగా నాది. చలికి రబ్బరు వాషరు కట్టెలా బిగుసుకుపోయి సందు ఇచ్చింది. కిందికి వేలాడుతున్న గొట్టంలోంచి డీజిల్ చుక్క చుక్కగా కారుతూనే ఉంది.

రెండు రోజుల తర్వాత తుపాను వదిలాక, తలకు దీపం కట్టుకుని వెళ్లి చూశాను. మంచు మీద చాప పరిచినంత లేత పసుపు మరక ఉంది. పారతో పైపొర తీస్తే కింద ఇంకా ఉంది. ఆ మంచు పైకి రాయిలా కనిపిస్తుంది కానీ లోపల గట్టిపొర, గుల్లపొర ఒకదాని మీద ఒకటి ఉంటాయి. డీజిల్ గుల్లపొర దాకా దిగి, కింద గట్టిపొర అడ్డం వస్తే పక్కలకు పాకింది. వాసన పట్టుకుని తవ్వుకుంటూ పోయాం. వాసన రాని మంచు తగిలేసరికి మరక కొలత నాలుగింతలైంది. కారినది పది లీటర్లకు మించదు. దాని కోసం ఎత్తిన మంచు ఏడు డ్రమ్ములు! పది నిమిషాలకు వేళ్లు మొద్దుబారిపోతాయి, లోపలికి వెళ్లి కాచుకుని మళ్లీ రావాలి. ఇద్దరం మూడు రోజులు చేశాం. తర్వాత ఆ మంచును కొంచెం కొంచెంగా జనరేటర్ గదిలో కరిగించి, పైకి తేలిన నూనెపొరను పీల్చుగుడ్డలతో తీశాం. ఆ గుడ్డలకు ఒక డ్రమ్ము. మిగిలిన నీళ్లకు ఇంకా వాసన పోలేదు కాబట్టి వాటినీ డ్రమ్ముల్లోకే పోశాం. నీళ్లు గడ్డకడితే ఉబ్బి డ్రమ్మును చీలుస్తాయి కనుక ముప్పావు వంతు మాత్రమే నింపి మూతలు బిగించాం. ఓడ వచ్చాక అవి మాతో పాటే ఆ ఖండం దాటాయి.

పది లీటర్లకే ఇంత పని. 1989 జనవరిలో బాహియా పరాయిసో అనే అర్జెంటీనా ఓడ అమెరికా వాళ్ల పామర్ స్థావరం దగ్గర రాయికి కొట్టుకుని మునిగినప్పుడు దాదాపు ఆరు లక్షల లీటర్ల ఇంధనం సముద్రంలో కలిసింది. ఆ అంకె నేను వెళ్లకముందు చదివాను, అర్థమైంది మాత్రం పార పట్టాకే.

పాతేస్తే ఏమవుతుందన్నదే కదా మీ అసలు సందేహం. మన ఊళ్లో చెత్తను అరిగించేది నేలలోని వేడి, తడి, సూక్ష్మజీవులు. అక్కడ ఆ పని దాదాపు ఆగిపోతుంది. వంద ఏళ్ల కిందటి బ్రిటిష్ అన్వేషకుడు స్కాట్ యాత్ర వాళ్లు అంటార్కిటికాలోని కేప్ అడేర్ గుడిసెలో వదిలిన ఒక కేకు 2017లో బయటపడింది. రేకు డబ్బా తుప్పు పట్టింది గానీ కేకు ఇప్పుడో రేపో తినొచ్చు అన్నట్టుంది. కేకే అలా ఉంటే బ్యాటరీలోని సీసం సంగతి చెప్పాలా?

రెండోది, మంచు ఒక చోట ఉండదు. మన మొదటి స్థావరం దక్షిణ గంగోత్రిని 1983-84లో సముద్రం అంచున తేలే మంచు ఫలకం మీద కట్టారు. ఏటా పడే మంచు దాన్ని కప్పుకుంటూ పోయింది. కొన్నేళ్లకే వదిలేసి, 1989లో షిర్మాకర్ ఒయాసిస్ రాతినేల మీద మైత్రి కట్టాల్సి వచ్చింది. అలాంటి ఫలకాలు రోజూ కొంచెం కొంచెం సముద్రం వైపు జరుగుతాయి, చివర విరిగి మంచుకొండలై తేలిపోతాయి. అందులో పాతిన డ్రమ్ము ఏదో ఒక రోజు సముద్రంలో తేలాల్సిందే.

గ్రీన్‌లాండ్‌లో క్యాంప్ సెంచరీ కథ దీనికి పెద్ద ఉదాహరణ. అమెరికా సైన్యం 1959లో మంచు కింద సొరంగాల్లో ఒక ఊరినే కట్టి, 1967లో వదిలేసి వెళ్లింది. అణు రియాక్టరును తీసుకెళ్లారు కానీ దాదాపు రెండు లక్షల లీటర్ల డీజిల్, మురుగు, పీసీబీ అనే విష రసాయనాలు అక్కడే ఉండిపోయాయని 2016లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. మంచు ఎప్పటికీ పెరుగుతూనే ఉంటుందన్న ధీమాతో వదిలిన చెత్త అది. తర్వాత చేసిన కొలతల్లో కరిగిన నీరు ఈ శతాబ్దంలో అంత లోతుకు చేరదని తేలింది, అది మంచి వార్తే. కానీ ఇప్పుడు దానికి తరతరాలు కాపలా కాయాలి. తీసుకెళ్లి ఉంటే ఆ బాధ ఉండేది కాదు.

ఆర్కిటిక్‌లో పరిశ్రమలదీ ఇదే పొరపాటు. కెనడా ఉత్తరాన మెకెంజీ నది డెల్టాలో 1970లలో చమురు కోసం బావులు తవ్వినప్పుడు వచ్చిన రసాయనాల బురదను గుంటల్లో పోసి మట్టి కప్పారు. అక్కడి నేల ఏడాది పొడవునా గడ్డకట్టే ఉంటుంది కాబట్టి ఆ నేలే డబ్బాలా పట్టి ఉంచుతుందని నమ్మారు. ఇప్పుడు ఆ నేల కరుగుతోంది, గుంటలు కుంగుతున్నాయి, ఉప్పు కలిసిన బురద పక్కకు ఊరుతోంది. రష్యాలోని నొరిల్స్క్‌లో 2020 మే 29న ఒక విద్యుత్ కేంద్రం దగ్గర ఇంధన ట్యాంకు పునాది కుంగి, సుమారు 21 వేల టన్నుల డీజిల్ బయటికి వచ్చింది. అంబర్నాయా నది ఎర్రబారిన ఫొటోలు అప్పట్లో పత్రికల్లో మీరూ చూసే ఉంటారు.

అంటార్కిటికాకు ఒక అదృష్టం ఉంది: అక్కడ నియమం రాతపూర్వకంగా ఉంది. 1991లో మాడ్రిడ్‌లో సంతకాలై 1998 జనవరిలో అమల్లోకి వచ్చిన పర్యావరణ ఒప్పందంలో మూడో అనుబంధం మొత్తం వ్యర్థాల గురించే. బ్యాటరీలు, ఇంధనం, కందెన నూనెలు, రబ్బరు, పీవీసీ, భారలోహాలున్న వ్యర్థాలు, రేడియోధార్మిక పదార్థాలు, ఖాళీ డ్రమ్ములు, కాలని ఘనవ్యర్థాలు, ఇవన్నీ ఆ ప్రాంతం దాటించాలి. అలా దాటించిన వ్యర్థాలు వీలైనంత వరకూ యాత్ర జరిపిన దేశానికే తిరిగి రావాలి. ఆరుబయట తగలబెట్టడం 1998-99 సీజను చివరికల్లా పూర్తిగా ఆగిపోవాలి. మన పార్లమెంటు 2022లో అంటార్కిటికా చట్టం చేశాక ఈ బాధ్యతలు మన దేశ చట్టంలోకీ వచ్చాయి.

ఈ నియమాలు ఊరికే రాలేదు. అంతకుముందు పెద్ద దేశాలు చేసిన పని చూస్తే కడుపు మండుతుంది. అంటార్కిటికాలో అమెరికా వాళ్ల మెక్‌మర్డో స్థావరంలో తుక్కును గడ్డకట్టిన సముద్రం మీదికి ఈడ్చి, వేసవిలో ఆ మంచు విరిగి మునిగిపోయే దాకా వదిలేసేవారు. అక్కడి ఓడరేవు అడుగున బురద ఇప్పటికీ విషమే. అదే చోట 1962 నుంచి 1972 వరకు ఒక అణు రియాక్టరు నడిపారు. దాన్ని మూసేశాక వేల టన్నుల మట్టి, రాళ్లు కూడా తవ్వి ఓడల్లో అమెరికాకు మోయాల్సి వచ్చింది. గ్రీన్‌పీస్ అనే పర్యావరణ సంస్థ వాళ్లు 1987లో అక్కడికి దగ్గర్లోనే సొంత స్థావరం పెట్టి, చెత్తకుప్పల ఫొటోలు ప్రపంచానికి చూపించారు. 1992లో వెళ్లిపోతూ తమ స్థావరాన్ని విప్పి మొత్తం తీసుకుపోయారు.

ఇక పని ఎలా జరుగుతుందో చెబుతాను. అక్కడ వ్యర్థాల నిర్వహణ అంటార్కిటికాలో మొదలవదు, గోవాలో గోదాములో మొదలవుతుంది. బయలుదేరకముందే ప్రతి పెట్టె విప్పి, అనవసరమైన అట్టలు, ప్లాస్టిక్ సంచులు అక్కడే తీసేయాలి. థర్మోకోల్ గింజల ప్యాకింగ్ ఒప్పందం ప్రకారం నిషేధం. ఒక సరఫరాదారు పంపిన విడిభాగం లోపలి పెట్టెలో మాత్రం అవి మా కళ్లుగప్పి వచ్చేశాయి. వాకిలి దగ్గర పెట్టె తెరిచిన కుర్రాడి చేతుల్లోంచి గాలి నాలుగు గుప్పిళ్లు ఎగరేసింది. తెల్లటి మంచులో తెల్లటి గింజలు. మోకాళ్ల మీద కూర్చుని రాళ్ల సందుల్లో ఒక్కొక్కటే ఏరాం. చేతి తొడుగులకు అంటుకుంటాయి, డబ్బాలో పడవు. అన్నీ దొరికాయని నేను ఇప్పటికీ చెప్పలేను, ఆ బాధ ఉంది. దగ్గర్లోనే మేము తాగే నీళ్లు వచ్చే ప్రియదర్శిని సరస్సు ఉంది.

ఈ విషయంలో నాకు బాగా నచ్చినది మన భారతి స్థావరం. 2012లో లార్సెమన్ కొండల్లో తెరిచారు. సరుకు మోసే కంటెయినర్లు 134 కలిపి దాని కట్టడంలో వాడారు. మోసుకొచ్చిన పెట్టెలే ఇల్లయితే చెత్త ఆ మేరకు తగ్గినట్టే కదా.

స్థావరంలో వేరుచేయడం గట్టిగా ఉంటుంది. గాజు, రేకు, కాలేవి, రసాయనాలు, నూనె గుడ్డలు, బ్యాటరీలు, దేనికి దానికి డ్రమ్ము. కోడి ఎముకలు కూడా విడిగా పెట్టాలి. కోళ్ల జబ్బులు అక్కడి పక్షులకు అంటకుండా మిగిలిన కోడిమాంసాన్ని కాల్చడమో తీసుకుపోవడమో చేయాలని నియమం. వేసవిలో స్కువా పక్షులు వంటగది సంచి కనిపిస్తే చాలు చీల్చేస్తాయి. ఖాళీ డ్రమ్ములను నలగ్గొట్టి కట్టలు కడతాం, అడుగున మిగిలిన నూనె ముందు వంచుకుని. నిండిన వాటిని పల్లంలో పెట్టకూడదు. ఒక్క తుపానుకే కప్పుకుపోతాయి, వేసవి దాకా కనిపించవు. మిట్ట మీద వరుసగా పేర్చి, వెదురు కర్రకు గుడ్డ కట్టి పాతి, ప్రతి డ్రమ్ము మీద అంకె రాసి, పుస్తకంలో ఎక్కించాలి. ఓడ ఏడాదికి ఒకసారే వస్తుంది. మైత్రి నుంచి మంచు ఫలకం అంచుకు దాదాపు వంద కిలోమీటర్లు, ఆ దూరం స్లెడ్జిల మీద లాగాలి. ఆ వేసవిలో వాతావరణం చెడితే సరుకు మరో ఏడాది ఆగుతుంది.

అన్నీ వెనక్కి వస్తాయని చెబితే అబద్ధమవుతుంది. తీరం దగ్గరి స్థావరాలు మురుగును సముద్రంలోకి వదలడానికి ఒప్పందం ఒప్పుకుంటుంది. వేసవిలో సగటున ముప్పై మందో అంతకు మించో ఉంటే కనీసం మెత్తగా నలిపి వదలాలి, అంతే. ఇది చాలా తక్కువ అని నా అభిప్రాయం. ఆ ఖండంలో మంచు లేని నేల ఒక శాతంలో సగం కూడా లేదు. నాచులు, సరస్సులు, పక్షుల గూళ్లు ఎక్కువగా ఉన్నది ఆ కాస్త నేల మీదే, మనం ఇళ్లు కట్టేదీ అక్కడే.

పాత కుప్పలన్నీ తవ్వేయాలా అంటే, అదీ ఆలోచించాల్సిందే. తీయడం వల్ల ఎక్కువ నష్టం జరిగేటట్టయితే ఉంచవచ్చని ఒప్పందంలోనే ఉంది. గడ్డకట్టి ఉన్న విషాన్ని కదిలిస్తే కరిగే నీళ్లతో కిందికి జారుతుంది. ఆస్ట్రేలియా వాళ్లు కేసీ స్థావరం దగ్గర థాలా లోయలోని పాత చెత్తను 2003-04 వేసవిలో తీసినప్పుడు, వాగు నీటిని మళ్లించి, మురికి నీటిని శుద్ధి చేస్తూ తవ్వారు. ఆ ఖర్చు మొదట్లో నాలుగు ఓడలు నింపి పంపి ఉంటే అయ్యేది కాదు.

ఇంజినీరింగ్ ప్రాజెక్టు కోసం అడుగుతున్నానన్నారు కాబట్టి ఒక మాట. ‘ఎక్కడ పారేయాలి’ అన్న అధ్యాయం రాయకముందు ‘ఏం తీసుకెళ్తున్నాం’ అన్న పట్టిక వేయండి. ప్రతి వస్తువు ఎదురుగా దాని బరువు, అది పని ముగించాక ఏ రూపంలో మిగులుతుంది, ఏ డ్రమ్ములోకి పోతుంది, ఏ ఓడ ఎక్కుతుంది అని నాలుగు గడులు పెట్టండి. నాలుగో గడి ఖాళీగా ఉన్న వస్తువును జాబితాలోంచి తీసేయండి. మా పుస్తకం కూడా అలాగే ఉండేది. పట్టిక వేశాక ఇక్కడ పెడితే చూసి చెబుతాను.