ఖైదీలందరూ నేరస్థులేనా?

సందేహం: “ప్రపంచవ్యాప్తంగా 11.5 మిలియన్ల మంది నేరస్థులు జైళ్లలో మగ్గుతున్నారు” అని ఒక వ్యాసంలో రాశాను. “నేరస్థులు” కొట్టేసి “ఖైదీలు” అని ఒక మిత్రుడు దిద్దారు. జైల్లో ఉన్నవాడు నేరస్థుడు కాక మరెవరు? అసలు నేరస్థుడా, నేరస్తుడా? ముద్దాయి అనే మాటను ఎక్కడ వాడాలి?

సమాధానం: మీ మిత్రుడి దిద్దుబాటు సరైనదే. ఒకరిని ఖైదీ అనడానికి జైలు రిజిస్టరులో పేరు ఉంటే చాలు. నేరస్థుడు అనాలంటే మాత్రం న్యాయస్థానంలో నేరం రుజువు కావాలి. ఈ రెండింటి మధ్య ఎంత ఎడం ఉన్నదో మన దేశపు లెక్కలే చూపుతాయి. జాతీయ నేర గణాంకాల బ్యూరో ప్రకటించిన వివరాల ప్రకారం 2022 డిసెంబరు 31 నాటికి భారతదేశపు జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. వారిలో శిక్ష పడినవారు 1,33,415 మంది మాత్రమే. విచారణ ఖైదీలు 4,34,302 మంది, అంటే నూటికి దాదాపు 76 మంది. మీ వాక్యాన్ని మన దేశానికి అన్వయిస్తే, ఇంకా తీర్పు రాని నాలుగు లక్షల మందికి పైగా మనుషులను కలంపోటుతో నేరస్థులను చేసినట్టవుతుంది.

విచారణ ఖైదీ అంటే రేపో మాపో శిక్ష పడేవాడనే అభిప్రాయం చదువరులలో బలంగా ఉన్నది. వారిలో నిర్దోషులుగా బయటికి వచ్చేవారూ ఉంటారు, కేసు కొట్టివేతతో బయటపడేవారూ ఉంటారు. జామీను దొరికినా పూచీకత్తు ఇచ్చే మనిషి లేక లోపలే ఉండిపోయేవారి సంగతి కోర్టుల చుట్టూ తిరిగినవారందరికీ తెలిసినదే. 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన బీహారు ఖైదీలలో కొందరు, తమ మీద మోపిన నేరానికి పడగల గరిష్ఠ శిక్ష కంటే ఎక్కువ కాలం విచారణ లేకుండానే జైల్లో గడిపినవారు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న నేర విచారణ విధానాల చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షను, మరణశిక్ష గానీ యావజ్జీవ శిక్ష గానీ పడే నేరాలను మినహాయించి, మొదటిసారి కేసులో చిక్కుకున్నవాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం విచారణ ఖైదీగా గడిపితే అతడిని బాండు మీద విడుదల చేయాలంటున్నది. ఇలాంటివారికి నిందితుడు అనే మాట ఉన్నది. నింద మోయడం వరకే అందులో ఉన్న అర్థం, అంతకు మించి ఆ మాట ఏమీ తేల్చదు.

ఇక మన దేశపు పైలెక్కలో డిటెన్యూలు, అంటే ముందస్తు నిర్బంధంలో ఉన్నవారు, 4,324 మంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పత్రికలలో తరచూ కనిపించే “పీడీ యాక్టు ప్రయోగించారు” అన్న వార్త ఇలాంటివారి గురించే. 1986 నాటి ఆ ముందస్తు నిర్బంధ చట్టం కింద, ఎవరైనా మున్ముందు నేరం చేయవచ్చునన్న అనుమానంతో అధికారుల ఉత్తర్వుపై నిర్బంధిస్తారు. కనుక ఆ నిర్బంధం మేరకు అతడు నేరస్థుడు కాదు సరికదా, నిందితుడు కూడా కాదు. నిర్బంధితుడు అనడం ఉచితం. రౌడీషీటరు సంగతీ ఇంచుమించు ఇదే. రౌడీషీటు పోలీస్ స్టేషనులో తెరిచే కాగితమే తప్ప న్యాయమూర్తి ఇచ్చే తీర్పు కాదు. (మనం తిట్టుగా వాడే కేడీ కూడా పోలీసు రికార్డులలోని ఇంగ్లీషు పొడి అక్షరాలే, పేరుమోసిన దోపిడీగాడని వాటి అర్థం.)

ప్రపంచం లెక్కకు వద్దాం. లండన్ నుంచి వెలువడే జైళ్ల గణాంకాల కోశం వరల్డ్ ప్రిజన్ బ్రీఫ్ వారి 2024 జాబితాలో వివరాలు దొరికిన మేరకు తేలినవారు దాదాపు కోటీ పది లక్షలు. లెక్కలు అందని చోట్లను కూడా అంచనా వేసి కలిపితే కోటీ పదిహేను లక్షలు దాటుతారు. మీరు చూసిన సంఖ్య ఇదే అయి ఉండాలి. ఇది ఖైదీల సంఖ్య. వారిలో సుమారు మూడో వంతు మందికి ఇంకా శిక్ష పడలేదు. పైగా ఈ జాబితాలోని అన్ని వరుసలూ ఒక తీరువి కావు. చైనాకు చూపిన 16 లక్షల 90 వేల మందీ శిక్ష పడినవారే, విచారణలో ఉన్నవారు అందులో చేరలేదు. అమెరికాకు చూపిన దాదాపు 18 లక్షలలో స్థానిక జైళ్లలో విచారణకు ఎదురుచూస్తున్నవారు కూడా కలిసి ఉన్నారు. కనుక చైనా సంఖ్య పక్కన “శిక్ష పడిన ఖైదీలు” అని, అమెరికా సంఖ్య పక్కన ఉత్త “ఖైదీలు” అని రాయాలి. అనువాదకులు రెండింటికీ ఒకే మాట వాడి, ఆపైన దేశాలను పోల్చడం తరచూ కనిపించే పొరపాటు.

మరి ప్రపంచంలో నేరస్థులు ఎందరు? దీనికి సంఖ్య చెప్పడం కుదరదు. మన దేశంలో 2022లో నమోదైన కేసులు 58,24,946. కేసులు ఇన్ని ఉన్నంత మాత్రాన నేరస్థులు అంతమంది అనరాదు. ఒక దోపిడీలో ఐదుగురు ఉండవచ్చు, ఒకే దొంగ మీద ఇరవై కేసులు ఉండవచ్చు, కొన్ని కేసులు అసలు నిలవవు, ఠాణా గడప తొక్కని నేరాలకైతే లెక్కే లేదు. శిక్ష పూర్తిచేసుకుని ఇంటికి వచ్చినవాడిని ఏ పద్దులో వేయాలన్నది మరొక చిక్కు. మాజీ ఖైదీ అనడంలో ఇబ్బంది లేదు గానీ, పోలీసు భాషలోని “పాత నేరస్థుడు” అతడిని జన్మంతా వదలదు.

మిలియన్ల గురించి ఒక మాట. లక్షలు, కోట్లు వాడుకలో ఉన్న భాషలో 11.5 మిలియన్లు అంటే చదువరి ఆగి లెక్క కట్టుకోవలసి వస్తుంది. “కోటీ పదిహేను లక్షల మందికి పైగా” అంటే చాలు. మగ్గుతున్నారు అన్న క్రియలో రచయిత జాలి ఉన్నది. వ్యాసంలో అది తప్పు కాదు గానీ, గణాంకం చెప్పే వాక్యంలో “ఉన్నారు” మేలు.

ముద్దాయి చరిత్ర చిత్రమైనది. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు, వాది. తెలుగులోకి వచ్చేసరికి ఆ మాట బోనులోకి మారి, అభియోగం ఎదుర్కొనేవాడయింది. మూలార్థాన్ని బట్టి ఇప్పుడు దిద్దబోతే ఎవరికీ అర్థం కాదు. ఫిర్యాదికి ఎదుటివాడిగా, తీర్పు వెలువడేంతవరకు వాడవచ్చు. తీర్పు తరువాత దోషి అనడమే స్పష్టం. “ముద్దాయికి పదేళ్ల జైలు” అన్న శీర్షిక వాడుకలో చెల్లిపోతున్నది. దాన్ని తప్పు పట్టను.

చివరిగా వర్ణక్రమం. గృహస్థుడు, తటస్థుడు అన్న మాటలలోని “స్థ”యే నేరస్థుడిలోనూ ఉన్నది. ఋణగ్రస్తుడు, వ్యాధిగ్రస్తుడు అన్న చోట ఉన్నది “గ్రస్త”, అంటే పట్టుబడిన అని అర్థం. అక్కడ ఒత్తు పలికే “థ” ఉండదు. ఈ రెండూ కలగలిసి నేరస్తుడు, గ్రామస్తుడు పత్రికలలోకి ఎక్కాయి. నేరం దేశ్యపదం కనుక దానికి సంస్కృతపు “స్థ” అతకదని పట్టుబట్టేవారికి నేరగాడు ఉన్నది. అయితే వేటగాడు, మోసగాడు అన్నప్పటిలాగే అందులో అదే పనిగా చేసేవాడన్న ధ్వని వినిపిస్తుంది. ఒక్కసారి తప్పు చేసి శిక్ష పడినవాడికి దానిని తగిలించకుండా, నేరస్థుడు అని ఒత్తుతో రాయండి.