గుడ్ల లెక్క తేలాలంటే నూరును 120గా చదవండి

పాత ఇంగ్లీషు మఠం పద్దులో గుడ్ల సంఖ్యకూ వాటి ఖరీదుకూ పొంతన కుదరడం లేదని మీరు అడిగారు. మీ లెక్క తేలకపోవడానికి కారణం, చాలావరకు, 'సి' అనే రోమన్ అంకెను మీరు 100గా తీసుకోవడమే. మధ్యయుగపు ఇంగ్లండులో గుడ్లు, హెర్రింగ్ చేపలు, మేకులు వంటి సరుకులను ఆరు ఇరవైల నూరుతో, అంటే 120 చొప్పున, లెక్కించడం పరిపాటి. ఇంగ్లండులోని నార్విచ్ నగరపు కేథడ్రల్ (ప్రధాన చర్చి) మఠపు వంటశాల పద్దులో, పెన్నీకి 24 చొప్పున కొన్న నాలుగు నూర్ల గుడ్లకు 20 పెన్నీలు ఎలా అయ్యాయన్న మీ ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది.

1. నాలుగు నూర్లను 480గా తీసుకుని 24తో భాగించండి. సరిగ్గా 20 పెన్నీలు, అంటే 1 షిల్లింగు 8 పెన్నీలు వస్తాయి.

2. చాలామంది వదిలేసే మెట్టు ఇది. సరుకుల నూరు 120 అయినా, అదే వరుసలోని సొమ్ముకు నూరంటే 100 మాత్రమే; 12 పెన్నీలు షిల్లింగు, 20 షిల్లింగులు పౌండు. అందువల్ల కూడికకు ముందే ప్రతి అంకె పక్కన అది సరుకో సొమ్మో గుర్తు పెట్టుకోండి. అంకె పైన చిన్నగా రెండు 'ఎక్స్'లు కనిపిస్తే అవి ఇరవైలు: నాలుగు మీద ఉంటే 80.

3. వసంతకాలం దగ్గర కొన్ని వారాలపాటు గుడ్లు కనిపించకపోతే పుటలు పోయాయని అనుకోకండి. ఈస్టరుకు ముందరి ఉపవాస దినాల్లో సన్యాసులకు గుడ్లు నిషిద్ధం కాబట్టి, ఆ వారాల ఖర్చును చేపల పద్దులో వెతకండి.